స్వచ్ఛంద సంస్థలు ఎవరికి లెక్క చెప్పాలి?

(సంగారెడ్డిలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



శిక్షణ తరగతులలో మాకు సాధారణముగా పుస్తకాల నిర్వహణ గురించి మాట్లాడే పని అప్పగిస్తారు. ఈసారి మేమే అడిగి వేరొక విషయము తీసుకున్నాము. మన జిల్లాకు స్వచ్ఛంద సంస్థలు కొత్త కావు. కొన్ని విదేశీ సాయముతో వస్తాయి, కొన్ని ఫ్యాక్టరీలు ఇచ్చే డబ్బుతో వస్తాయి. వచ్చినవారు మన సంఘము గది తాళము అడుగుతారు, సభ్యుల జాబితా అడుగుతారు, మహిళా సభ్యులను మీటింగుకు పిలవమంటారు. వారు చేసేది మంచి పనే కావచ్చును. అయితే ఆ పనికి లెక్క ఎవరికి చెప్తారు? ఈ ప్రశ్న మీలో చాలామంది మనసులో వున్నది, నోటికి మాత్రము రాదు. ఎందుకు రాదో, రావలసిన అవసరమేమిటో చెప్పటానికే ఈ పూట మాట్లాడుతున్నాము.

మొదట మన సంఘము సంగతి చూద్దాము. తెల్లవారి ఒక సభ్యురాలు 2 లీటర్లు తెచ్చి పోస్తుంది. ఆమె కళ్ళ ముందే కొలుస్తారు, నమూనా తీస్తారు, వెన్న శాతము చూస్తారు, పాస్‌బుక్కులో రాస్తారు. ఒక పాయింటు తగ్గితే ఆమె అక్కడే నిలబడి అడుగుతుంది. క్యాను లారీ ఎక్కేదాకా కార్యదర్శిని వదలదు. అడగటానికి మొహమాటపడదు, ఎందుకంటే సంఘము ఆమెది. 2 లీటర్లు పోసే ఆమెకూ ఒక ఓటే, 40 లీటర్లు పోసే ఆసామికీ ఒక ఓటే.

దీనికి చట్టము అండ వున్నది. 1964 సహకార సంఘాల చట్టములో 50వ సెక్షను ఆడిటుకు, 52వ సెక్షను తనిఖీకి. 51వ సెక్షను కింద సభ్యులలో ఐదో వంతు మంది దరఖాస్తు పెట్టుకుంటే రిజిస్ట్రారు విచారణ జరిపించి తీరవలసినదే. సొమ్ము దుర్వినియోగమైనట్లు తేలితే 60వ సెక్షను కింద బాధ్యుల నుండి రాబట్టవచ్చును. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టము కింద రిజిస్టరయిన సంఘాలకు సెక్షన్లు వేరు, పద్ధతి ఒకటే. మేము వస్తున్నామని తెలిసి ముందు రాత్రి కూర్చుని మూడు నెలల పుస్తకాలు పూర్తిచేసే కార్యదర్శులు కూడ లేకపోలేదు. పేజీలన్నీ ఒకే కలముతో, ఒకే సిరాతో వుంటే మాకు తెలిసిపోతుంది. ఎట్లయినను, ఒకరికి భయపడి రాస్తున్నారు. ఆ భయము సభ్యులకు ఆస్తి.

ఇక స్వచ్ఛంద సంస్థ. 2001 సొసైటీల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము 7గురు కలిస్తే సొసైటీ రిజిస్టరు చేసుకోవచ్చును. వాళ్ళే సభ్యులు, వాళ్ళే సర్వసభ్య సమావేశము. సంస్థ 100 గ్రామాలలో పనిచేసినా, ఆ 100 గ్రామాల వారికి అందులో సభ్యత్వము వుండవలెనని చట్టము చెప్పదు. వారిని లబ్ధిదారులు అంటారు. ఈ మాటను జాగ్రత్తగా చూడండి. సభ్యునికి ఓటు వున్నది, లబ్ధిదారుకు లేదు. సభ్యుడు పాలకవర్గమును దింపగలడు, లబ్ధిదారు జాబితాలో తన పేరు తీసివేయకుండా చూసుకోగలిగితే చాలు. సభ్యుడు లెక్క అడుగుతాడు, లబ్ధిదారు వేలిముద్ర వేస్తాడు.

సంస్థలు లెక్కలు చెప్పటము లేదని మేము అనటము లేదు. చెప్తారు, మనకంటె ఎక్కువ కాగితాలు రాస్తారు. విదేశీ విరాళము తీసుకునేవారికి మొదట 1976లో ఒక చట్టము వచ్చింది, దాని స్థానములో 2010లో మరొకటి వచ్చింది. ప్రతి సంస్థ ఏటేటా ఢిల్లీలో హోం మంత్రిత్వ శాఖకు లెక్క పంపవలెను. 2020 సవరణతో విదేశీ విరాళమంతా ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలో తెరిచిన ఖాతాలోనికే రావలెనని పెట్టినారు. ఆఫీసు ఖర్చుకు అంతకుముందు 50 శాతము దాకా వాడుకోనిచ్చేవారు, దానిని 20 శాతమునకు తగ్గించినారు. ఇది గట్టి చట్టమే. అయితే ఆ లెక్క వెళ్ళేది ఢిల్లీకి. డబ్బిచ్చిన దాతకు వేరే నివేదిక, అది వెళ్ళేది లండనుకో జెనీవాకో. పని జరిగిన వూరికి ఏ కాగితమూ రాదు. ఊరికి వచ్చేది ఫోటో తీసేవాడు.

మేము తనిఖీకి వెళ్ళిన ఒక వూరి విషయము చెప్తాము. ఊరి పేరు, సంస్థ పేరు ఇక్కడ అవసరము లేదు. పారిశ్రామిక వాడను ఆనుకుని వున్న వూరు. ఒక సంస్థ 30 కుటుంబాలకు తలా ఒక పాడి బర్రెను ఇప్పించింది. ఉద్దేశము మంచిదే. బర్రెలను ఎండాకాలములో, బయటి సంతలో, వారికి తెలిసిన దళారి ద్వారా కొన్నారు. ఆ వూళ్ళో మేత భూములు అప్పటికే ప్లాట్లయి హద్దురాళ్ళు పడ్డాయి. వరిగడ్డి కొనటమంటే మాటలా! ఇంట్లో మగవాళ్ళు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, గడ్డి కోసుకురావటానికి మనిషి లేడు. మా చేతికి వచ్చిన పాల సేకరణ రిజిస్టరులో మొదటి నెల ఆ 30 ఇళ్ళ పాలూ కనబడినాయి. పదో నెలకు 9 ఇళ్ళ పాలు మిగిలినాయి. మిగతా బర్రెలు కొన్ని వట్టిపోయినాయి, కొన్ని అమ్ముడుపోయినాయి. సంస్థ వారు వేసిన ఇంగ్లీషు పుస్తకములో మాత్రము 30 కుటుంబాలు పాడి ద్వారా నిలదొక్కుకున్నట్లు వున్నది. రెండు కాగితాలు, ఒకే వూరు.

కొనేముందు మమ్ములను అడగండి, శ్రావణము దాకా ఆగండి అని చెప్పలేకపోయినారా అని సభ్యులను అడిగినాము. ఒక పెద్దామె జవాబిచ్చింది: "ఇచ్చేటోళ్ళను ఎట్ల అడుగుతం సారూ? అడిగితె పక్కూరికిచ్చి పోతరు." మేము చదువుకున్న డిప్లొమా పుస్తకాలలో జవాబుదారీతనము మీద ఒక అధ్యాయమే వున్నది. ఆ అధ్యాయములో ఈ మాట లేదు. ఆమెకు లెక్క తెలియక కాదు. పాల కేంద్రములో అర పాయింటుకు పోట్లాడే మనిషే ఆమె. ఇక్కడ ఆమెది ఏమీ కాదని ఆమెకు చెప్పినారు, ఆమె నమ్మింది. ఆ డబ్బు వచ్చింది ఆమె పేదరికము పేరు చెప్పుకునే కదా!

పటాన్‌చెరు, బొల్లారం వైపు నుండి వచ్చినవారికి ఇంకొక రకము అనుభవమున్నది. నక్కవాగు నీళ్ళు పశువులకు పనికిరాకుండ పోయిన సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ కాలుష్యము మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది ఢిల్లీకి చెందిన ఒక స్వచ్ఛంద సంస్థే, ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్. స్థానికముగా డాక్టర్లు, రైతులు ఏళ్ళ తరబడి తిరిగినారు. కేసు 2001లో హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రిబ్యునలుకు పోయింది. సంస్థలు లేకపోతే ఆ ఫిర్యాదు వాగు ఒడ్డునే వుండిపోయేది. ఇది మరిచి మాట్లాడితే అన్యాయమవుతుంది.

అదే చోట ఇంకొకటి కూడ జరిగింది. స్వీడన్ శాస్త్రవేత్తలు, వారితో పనిచేసినవారు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రము నుండి బయటకు వచ్చే నీటిని పరీక్షించి 2007లో ప్రకటించినారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు ఆ కేంద్రానికి వచ్చేవి. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వున్నట్లు తేలింది. కొన్ని సూక్ష్మజీవులను చంపటానికి కావలసిన దానికి అది వెయ్యి రెట్ల పైమాట. ప్రపంచమంతా పటాన్‌చెరు పేరు చదివింది. ఇటువంటి సంగతి మొదట చేరవలసినది ఆ నీటి పక్కన పశువులను కాసేవారికి. తరువాత కూడ ఎందరో వచ్చినారు, బోరు నీళ్ళు పట్టుకున్నారు, మట్టి తీసుకున్నారు. కొందరు పాలు కూడ సీసాలో పట్టుకుపోయినారని, ఏమి తేలిందో మళ్ళీ వచ్చి చెప్పలేదని కొన్ని వూళ్ళలో సభ్యులు మాతో అన్నారు. మన పాల నమూనా ఫలితము మనకు చెప్పని కార్యదర్శిని ఒక్కరోజు వుంచుతామా? డబ్బు లెక్క ఎంతో, తెలుసుకున్న విషయము లెక్క కూడ అంతే. నమూనా ఇచ్చేటప్పుడే, ఫలితము తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటిస్తామని రాయించుకోవటము మన హక్కు.

ఇప్పుడు నారాయణఖేడ్ వైపు వద్దాము. 1997లో ఎస్.కె.ఎస్. అనే సంస్థ మన ఉమ్మడి మెదక్ జిల్లాలోనే, ఆ ప్రాంతములోనే పని మొదలుపెట్టింది. లాభాపేక్ష లేని సొసైటీ. విరాళాల డబ్బుతో పేద మహిళలకు హామీ లేకుండ చిన్న చిన్న అప్పులు ఇచ్చేవారు, వారము వారము వసూలు చేసేవారు. ఆ అప్పులతో బర్రెలు కొన్నవారు కూడ వున్నారు. షావుకారు వడ్డీతో పోల్చి చాలామంది సంతోషించినారు, అందులో తప్పు లేదు. 2005లో ఆ పని ఒక ఫైనాన్సు కంపెనీ కిందికి మారింది. మారేటప్పుడు మహిళల పేరున 5 పరస్పర ప్రయోజన ట్రస్టులు పెట్టి, విరాళాల సొమ్ము వాటి ద్వారా కంపెనీ వాటాలలో పెట్టినారు. వాటాలు మహిళల మేలు కోసమే అన్నారు. కాని ఏ మహిళ చేతికీ వాటాపత్రము రాలేదు. మన సంఘములో వలె ఆమె చేయి ఎత్తి అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నదీ లేదు.

2010 ఆగస్టులో ఆ కంపెనీ వాటా 985 రూపాయల ధర మీద స్టాకు మార్కెటుకు ఎక్కింది. అదే సంవత్సరము అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. అప్పటికి ఒకే ఇంటికి నాలుగైదు కంపెనీలు అప్పులు ఇచ్చివున్నాయి, వసూలు ఒత్తిళ్ళ మీద ఫిర్యాదులు, ఆత్మహత్యల వార్తలు రాష్ట్రమంతా వచ్చినాయి. జిల్లాలో రిజిస్టరు చేసుకోవలెను, వసూళ్ళు పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగ స్థలములోనే జరగవలెను, వాయిదా నెలకొకసారి వుండవలెను అని ఆర్డినెన్సులో పెట్టినారు. ఆ దెబ్బకు వసూళ్ళు ఆగిపోయినాయి. ఆ కంపెనీ 2016లో పేరు మార్చుకున్నది, 2019లో ఒక ప్రైవేటు బ్యాంకులో కలిసిపోయింది.

ఎవరి తప్పెంత అనేది మేము తేల్చటము లేదు, అది చాలా కమిటీలు చర్చించిన విషయము. మేము చూసేది ఒక్కటే. పేదల పేరున వచ్చిన విరాళముతో పుట్టిన సంస్థ సొసైటీగా వుండవలెనా, కంపెనీగా మారవలెనా అని ఎప్పుడైనా ఆ పేదలు కూర్చుని తీర్మానము చేసినారా? మన పాల సంఘము ఆస్తిలో ఒక రేకుల షెడ్డు అమ్మవలెనన్నా సర్వసభ్య సమావేశము పిలవవలెను, మినిట్స్ రాయవలెను. మనకు విసుగు పుట్టించే ఆ తతంగమే లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవటానికి ఇంకెక్కడికీ పోనక్కరలేదు.

ఇందుకు వేరుగా నడిచిన ఒక సంగతి జహీరాబాద్ పక్కన అల్గోలులో వున్నది. 2001 జూన్ నెలలో అక్కడ ప్రజాతీర్పు అనే పేరుతో ఒక పంచాయతీ జరిగింది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వము విజన్ 2020 అని ఒక ప్రణాళిక వేసింది. వ్యవసాయము మీద బతికేవారిని 70 శాతము నుండి 40 శాతమునకు తగ్గించాలన్నది అందులోని ఆలోచనలలో ఒకటి. రాష్ట్రానికి బ్రిటిష్ ప్రభుత్వ అభివృద్ధి శాఖ, ప్రపంచ బ్యాంకు సాయము చేస్తున్న రోజులవి. పస్తాపూరు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలగువారి కూటమి, హైదరాబాదు విశ్వవిద్యాలయము, ఇంగ్లండులోని రెండు పరిశోధనా సంస్థలు కలిసి 19 మందిని జ్యూరీగా కూర్చోబెట్టినారు. ఎక్కువ మంది చిన్న, సన్నకారు రైతులు, అందులోను మహిళలే ఎక్కువ. అధికారులు, శాస్త్రవేత్తలు, విత్తన కంపెనీ వారు వచ్చి వాళ్ళ ముందు సాక్ష్యము చెప్పినారు. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి. సావంత్ అధ్యక్షతన పర్యవేక్షక సంఘము వున్నది. మమ్ములను భూమి నుండి తప్పించవద్దు, జన్యుమార్పిడి పంటలు వద్దు, మా విత్తనము మా చేతిలో వుండనివ్వండి అన్నది వారి తీర్పు సారాంశము.

ఆ నివేదిక ఇంగ్లండు చేరిన తరువాత, 2002లో పెద్ద తగవు అయింది. జ్యూరీ అందరికీ ప్రతినిధి కాదని, నడిపినవారికి ముందే ఒక అభిప్రాయమున్నదని బ్రిటిష్ శాఖ వైపు నుండి అభ్యంతరాలు వచ్చినాయి. మాకు తోచినది చెప్తాము. ఆ అభ్యంతరము అడగదగినదే. జ్యూరీని ఎవరు ఎంపిక చేసినారు, ఎట్లా చేసినారు అని స్వచ్ఛంద సంస్థలను కూడ అడగవలెను. మంచి పక్షాన వున్నామనుకునేవారికి తనిఖీ అక్కరలేదనే నియమము ఎక్కడా లేదు. కాని అదే ప్రశ్న విజన్ 2020 రాసినవారిని, దానికి డబ్బిచ్చినవారిని కూడ అడగవలెను గదా. వారు ఎంతమంది సన్నకారు రైతులను అడిగి 40 శాతమనే అంకె వేసినారు? ఎనిమిది తరగతులు కూడ చదవని ఆడవాళ్ళు డబ్బిచ్చే దేశపు శాఖ చేత జవాబు చెప్పించినారు. చిరాకుతో చెప్పినా జవాబు జవాబే. ఆ బ్రిటిష్ శాఖ 2020లో వారి విదేశాంగ శాఖలో కలిసిపోయింది. ఇప్పుడు పాత సంగతి అడుగుదామంటే ఆ పేరు మీద ఆఫీసు కూడ లేదు. సాయము చేసేవారు వున్నప్పుడే అడగవలెననటానికి ఇదొక కారణము.

విదేశీ సాయము అంటేనే అనుమానించమని దీని అర్థము కాదు. మన పాడి సహకార వ్యవస్థే విదేశీ సాయముతో ఎదిగింది. 1970లో మొదలయిన ఆపరేషన్ ఫ్లడ్ మొదటి దశకు ప్రపంచ ఆహార కార్యక్రమము ద్వారా 1,26,000 టన్నుల పాలపొడి, 42,000 టన్నుల బట్టర్ ఆయిల్ ఇచ్చేట్లు ఒప్పందమయింది. యూరపులో మిగిలిపోయిన సరుకు అది. ఊరకే పంచివుంటే పట్నములో మన పాలు కొనే నాథుడు లేకపోయేవాడు. అట్లా పంచలేదు. ఆ పొడిని పాలు చేసి, ధర కట్టి పెద్ద నగరాలలో అమ్మి, వచ్చిన సొమ్మును డెయిరీలకు, పాల సంఘాలకు పెట్టుబడిగా పెట్టినారు. అప్పుడు కూడ ప్రశ్నలు తప్పలేదు. ఇది రైతుకు మేలా, విదేశీ సరుకుకు అలవాటు చేయటమా అని పత్రికలలో ఘాటుగా రాసినారు. ఎల్.కె. ఝా అధ్యక్షతన వేసిన కమిటీ 1984లో కార్యక్రమమును పరిశీలించి నివేదిక ఇచ్చింది. ప్రశ్నలు వచ్చినందువలన మన సంఘాలు కూలిపోలేదు.

కార్యదర్శులు వింటున్నారు కాబట్టి మన వైపు సంగతి కూడ చెప్పవలెను. సహకార సంఘాలు ప్రభుత్వపు గణనీయమైన ఆర్థిక సాయము పొందకపోతే సమాచార హక్కు చట్టము కిందికి రావని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వము నుండి గణనీయమైన సాయము పొందే స్వచ్ఛంద సంస్థలు ఆ చట్టము కిందికి వస్తాయని 2019లో చెప్పింది. మొదటి తీర్పు పట్టుకుని సభ్యులకు పుస్తకము చూపననే కార్యదర్శి ఒకరు మాకు తగిలినారు. ఆ తీర్పు బయటివారి సంగతి. సభ్యునికి తన సంఘము పుస్తకము చూసే హక్కు సహకార చట్టము నుండే వచ్చింది, సమాచార హక్కు చట్టము పుట్టకముందు నుండే వున్నది.

ఇక మనము చేయగలిగినది. 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ళ సగటు లాభములో 2 శాతము సామాజిక పనులకు పెట్టవలెను. మన పారిశ్రామిక వాడలో ఆ డబ్బు చాలా వరకు ఏదో ఒక సంస్థ ద్వారానే గ్రామానికి వస్తుంది. అందుచేత రేపు ఎవరైనా వచ్చి పాలు చల్లబరిచే యంత్రమిస్తాము, పశువైద్య శిబిరము పెడతాము అంటే, సంతోషముగా కూర్చోబెట్టి టీ ఇవ్వండి. టీ తాగేలోపు రిజిస్ట్రేషను నంబరు, డబ్బు ఎవరిది, మన వూరి పేరు మీద మంజూరయినది ఎంత, అందులో వూరికి చేరేది ఎంత అని అడగండి. యంత్రము ఎవరి ఆస్తిగా వుంటుంది, చెడిపోతే ఎవరు బాగుచేయిస్తారు, వారు వెళ్ళిపోయిన తరువాత కరెంటు బిల్లు ఎవరు కడతారు అన్నది మరీ ముఖ్యము. మేము చూసినంతలో తాళము పడిన నీటి ప్లాంట్లన్నీ ఆ చివరి ప్రశ్న అడగక పడినవే. చెప్పిన జవాబులు మినిట్స్ పుస్తకములో రాసి, వారి సంతకము తీసుకోండి. నిజాయితీగల సంస్థ సంతకము పెట్టటానికి జంకదు; పైగా మీ మినిట్స్ నకలు వారే అడిగి తీసుకుంటారు, దాతకు చూపించుకోవటానికి.

పని అయిన తరువాత గ్రామసభలో లెక్క చదివించండి, తెలుగులో. బర్రెల పథకమయితే సంవత్సరము చివర మన పాల సేకరణ రిజిస్టరు పక్కన పెట్టి చదివించండి. ఎవరి ఇంటి పాలు వచ్చినాయో, ఎవరివి ఆగినాయో అందులో తేదీలతో సహా వుంటుంది.

ఈ జవాబులు రాసుకోవటానికి ఒక పేజీ నమూనా తయారుచేసి సైక్లోస్టయిలుకు బదులు జిరాక్సు తీయించినాము. సంఘానికి రెండు చొప్పున వున్నాయి, కార్యదర్శులు సంతకము చేసి తీసుకొనగలరు. భోజనాల తరువాత పశువైద్యాధికారి గారు గాలికుంటు టీకాల గురించి మాట్లాడుతారు. ఆ లోపల మీ ప్రశ్నలు వుంటే అడగండి. మా శాఖ మీద వున్నవి కూడ అడగవచ్చును.